ఫిజిక్స్ పక్కన ఏముంది?

డిగ్రీ అడ్మిషన్ ఫారం నింపే రోజున ఫిజిక్స్ పక్కన ఇంకో సబ్జెక్టు ఎంచుకోవాలి. దానికి చాలామంది అయిదు నిమిషాలు కూడా పెట్టరు. నెట్ సెంటర్‌లో వెనక నిలబడ్డవాళ్లు తొందరపెడుతుంటే, స్నేహితుడు ఏది పెట్టాడో అదే పెట్టేసి బయటపడతారు. మూడేళ్లు గడిచాక ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా నోటిఫికేషన్ పడుతుంది. విమానాల రాకపోకలను నియంత్రించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ)లో జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులు, 40 వేల నుంచి మొదలయ్యే పే స్కేలు. ఇంజినీరింగ్ చదవనివాళ్లు కూడా రాయగలిగిన మంచి కేంద్ర ఉద్యోగాల్లో ఇదొకటి. అర్హతల దగ్గర ఒక లైను ఉంటుంది: బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథమెటిక్స్ రెండూ చదివి ఉండాలి. ఫిజిక్స్ పక్కన లెక్కలు లేకుండా చదివిన పిల్లవాడి ఆశ ఆ లైను దగ్గరే ఆగిపోతుంది. ఎంత బాగా చదివాడన్న ప్రశ్నే రాదు.

పాత పద్ధతిలో ఈ చిక్కు లేదు. ఎంపీసీ అంటే మూడు సబ్జెక్టులూ సమానంగా వచ్చేవి, ఎంచుకునే పని కాలేజీయే చేసి పెట్టేది. 2023-24లో ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ మేజర్ పద్ధతి, అంటే ఒక ప్రధాన సబ్జెక్టు, దాని పక్కన ఇంకొకటి ఎంచుకునే పద్ధతి వచ్చాక ఆ భారం విద్యార్థి మీద పడింది. నిబంధనలు ఎన్నిసార్లు మారినా, పక్కన ఉన్నదాన్ని మైనర్ అన్నా రెండో మేజర్ అన్నా, అడగాల్సిన ప్రశ్న మారదు. ఫిజిక్స్ పక్కన ఏముంది? లెక్కలు ఉంటే ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో కాళ్లు తడబడవు, ఏటీసీ లాంటి పరీక్షలకు దారి ఉంటుంది. స్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ కావాలంటే ఫిజిక్సూ కెమిస్ట్రీ రెండూ చెప్పాలి కాబట్టి, బీఎడ్ వైపు వెళ్లదలచినవాళ్లు కెమిస్ట్రీ సంగతి అడ్మిషన్ రోజునే ఆలోచించుకోవాలి. కంప్యూటర్స్ చెడ్డదేమీ కాదు. కానీ పైథాన్ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఒంటరిగా నేర్చుకున్నవాళ్లు చాలా తక్కువ. రెండింటిలో ఒకటే కుదిరే పరిస్థితి వస్తే లెక్కల వైపు మొగ్గడమే మంచిది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఫిజిక్స్ డిగ్రీ మాట ఎత్తితే ఎక్కువగా వినిపించేది ఒక్కటే: "ఇక్కడ ఏముంది సార్, ఏ హైదరాబాదో బెంగళూరో పోవాలి." ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. పెద్ద లైబ్రరీలు, రీసెర్చ్ ల్యాబులు ఊరి నడిమధ్య ఉండవు. అయితే ఈ రెండు జిల్లాల పిల్లలు పోగొట్టుకుంటున్న అవకాశాల్లో ఎక్కువ భాగం దూరం వల్ల పోయినవి కావు. వాటి సంగతి తెలిసేసరికి గడువు దాటిపోవడం వల్ల పోయినవి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా

ఫిజిక్స్ విద్యార్థికి పనికొచ్చే నోటిఫికేషన్లలో చాలావరకు ఈ అయిదు నెలల్లోనే వస్తాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు మాత్రం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ముగుస్తాయి. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఇంకో రెండు జాతీయ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ వేసవిలో రెండు నెలల పని. దానికి దరఖాస్తు అంతకు ముందు చలికాలంలో పెట్టాలి. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజిక్స్ టీచర్స్ డిగ్రీ పిల్లలకు పెట్టే నేషనల్ గ్రాడ్యుయేట్ ఫిజిక్స్ ఎగ్జామినేషన్ జనవరిలో జరుగుతుంది.

సరిగ్గా అవే నెలల్లో మన దగ్గర ఏం జరుగుతుంటుంది? బంగాళాఖాతంలో అల్పపీడనం, తుపాను సెలవులు, ఆ సెలవుల వల్ల వెనక్కి జరిగిన సెమిస్టర్ పరీక్షలు, మధ్యలో సంక్రాంతి. పరీక్షల టెన్షన్ తీరి, "వేసవిలో ఏమైనా ప్రాజెక్టు ఉందా సార్" అని అడిగేది ఏప్రిల్‌లో. అప్పటికి ఎంపికైనవాళ్లు రైలు టికెట్లు కూడా బుక్ చేసుకుని ఉంటారు. పెద్ద నగరాల కాలేజీల్లో ఈ క్యాలెండర్ ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు, సీనియర్ల నోటి మాటగా జూనియర్లకు అందిపోతుంది. కావలిలోనో కందుకూరులోనో చదివే పిల్లలకు అలా చెప్పే సీనియర్ అన్న ఉండడు, ఎందుకంటే ఆ అన్నకూ ఎవరూ చెప్పలేదు. డిపార్ట్‌మెంట్ గోడ మీద ఈ నెలలు రాసిన ఒక చార్టు అంటిస్తే సగం పని అయిపోతుంది. ఖర్చు ఇరవై రూపాయలు.

మొదటి సంవత్సరంలోనే తెలిసి ఉండాల్సినది ఇంకొకటి ఉంది. ముంబయిలోని హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్ నడిపే నియస్ కార్యక్రమం డిగ్రీ తొలి సంవత్సరాల వాళ్ల కోసం పెట్టినది. క్యాంపుకు పిలిచి, ప్రయోగాలు చేయించి, నచ్చినవాళ్లకు పెద్దవాళ్ల దగ్గర ప్రాజెక్టు ఇప్పిస్తారు. ఫైనలియర్‌లో దీని గురించి విని లాభం లేదు. స్కాలర్‌షిప్‌ల సంగతికొస్తే, కేంద్రం 2008లో మొదలుపెట్టిన ఇన్‌స్పైర్‌లో ఏడాదికి 80 వేల రూపాయలు. ఇంటర్ బోర్డులో పై ఒక్క శాతంలో ఉండాలి కాబట్టి మన రాష్ట్రంలో కటాఫ్ చాలా ఎక్కువ. ఆ ఏడు కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో నోటిఫికేషన్ చూసి తేల్చుకోవాలి.

చుట్టుపక్కల ఉన్నవి

శ్రీహరికోట 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. జిల్లాల విభజనలో సూళ్లూరుపేటతో పాటు తిరుపతి జిల్లాకు వెళ్లింది. కాగితం మీద జిల్లా మారిందే గానీ, రాకెట్ లేచే రోజున నెల్లూరు మేడల మీద జనం మాత్రం తగ్గలేదు. 1971 అక్టోబరులో పై వాతావరణాన్ని పరిశీలించే చిన్న సౌండింగ్ రాకెట్‌తో మొదలైన చోటు అది. 2023 జులై 14న చంద్రయాన్-3 లేచిందీ అక్కడి నుంచే. లాంచ్ వ్యూ గ్యాలరీలో కూర్చుని చూడటానికి ఆన్‌లైన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు.

చూసి, వీడియో తీసి, స్టేటస్ పెట్టుకుని ఊరుకుంటే అది పండగ. దాన్నే ప్రయోగంగా మార్చుకోవచ్చు. సూళ్లూరుపేట నుంచి లాంచ్ ప్యాడ్‌కు సరళరేఖలో సుమారు 22 కిలోమీటర్లు. గాలి 30 డిగ్రీల వేడిలో ఉంటే ధ్వని సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది. అంటే మంట కనిపించిన తర్వాత చప్పుడు చేరడానికి 63 సెకన్లు పడుతుంది. రాత్రి ప్రయోగమైతే ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడుతుంది, జనం కేకలు వేస్తారు, ఆ తర్వాత నిమిషం పాటు చప్పుడే ఉండదు. అప్పుడు కిటికీ అద్దాలు మొదలుపెడతాయి. నెల్లూరు టౌన్‌కైతే దూరం 80 కిలోమీటర్ల పైమాటే. చప్పుడు అక్కడిదాకా వచ్చినా దాదాపు నాలుగు నిమిషాలు పడుతుంది, అప్పటికి పీఎస్ఎల్వీ మొదటి దశ ఎప్పుడో కాలి రాలిపోయి ఉంటుంది.

స్టాప్‌వాచ్ పట్టుకుని ఈ సమయం కొలిచి, ధ్వని వేగం లెక్క వేయమంటే మూడు పొరపాట్లు బయటపడతాయి. మొదటిది, ఫోన్లో యూట్యూబ్ లైవ్ చూసి బటన్ నొక్కడం. లైవ్ కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది కాబట్టి లెక్క మొత్తం తప్పుతుంది, కళ్లతో వెలుగు చూసే నొక్కాలి. రెండోది, వేలు కదలడానికి పట్టే 0.2 సెకన్ల గురించి అనవసరంగా బెంగ పెట్టుకోవడం. 63 సెకన్లలో అదెంత? మూడోదే అసలైనది. మ్యాప్‌లో దూరం అర కిలోమీటరు తప్పుగా తీసుకుంటే రెండు శాతానికి పైగా తేడా వస్తుంది. సముద్రపు గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో ఎదురైనా, వెనక నుంచి తోసినా ఒకటిన్నర శాతం దాకా తేడా. ఏ తప్పు పెద్దది, ఏది పట్టించుకోనక్కర్లేనిది అని తేల్చుకోవడమే ఎర్రర్ అనాలిసిస్. ఆ చాప్టర్ రికార్డులో పది పేజీలు రాసినా రాని జ్ఞానం ఒక్క లాంచ్‌తో వస్తుంది. వేర్వేరు ఊళ్లలో ఉండే నలుగురు స్నేహితులు, నాయుడుపేటలో ఒకరు, గూడూరులో ఒకరు అలా కొలిస్తే దూరానికీ సమయానికీ గ్రాఫ్ గీయవచ్చు. గ్రాఫ్ వాలు నుంచే వేగం వస్తుంది.

శ్రీహరికోటనే ఎందుకు ఎంచుకున్నారన్నదీ మెకానిక్స్ లెక్కే. ఆ అక్షాంశం దగ్గర భూమి తిరగడం వల్ల తూర్పు వైపు సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ఊరికే దొరుకుతుంది, ముందు సముద్రమే. కానీ ధ్రువ కక్ష్యకు పోయే పీఎస్ఎల్వీ నేరుగా దక్షిణానికి పోతే కింద శ్రీలంక వస్తుంది. అందుకని మొదట ఆగ్నేయంగా పోయి తర్వాత మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చు, దానివల్ల మోయగలిగే బరువు తగ్గుతుంది. వెక్టర్లు తెలిసిన సెకండియర్ పిల్లలు ఈ నష్టాన్ని ఉజ్జాయింపుగా కాగితం మీద లెక్క కట్టవచ్చు.

రాకెట్ పక్కనే ఉంది కాబట్టి ఇస్రోలో సైంటిస్టు ఉద్యోగం దగ్గరే అనుకోవడం మాత్రం భ్రమ. అక్కడ సైంటిస్ట్/ఇంజినీర్ పోస్టుల్లో ఎక్కువ భాగం బీటెక్ వాళ్లకు పోతాయి. ఫస్ట్ క్లాస్ బీఎస్సీతో రాయగలిగేవి సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు. అవి తక్కువ, పోటీ ఎక్కువ. ఈ సంగతి ఫస్టియర్‌లోనే తెలిస్తే ఆశ సరైన దారిలో పెట్టుకోవచ్చు.

తిరుపతి దగ్గర గాదంకిలో నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లేబొరేటరీ ఉంది. శ్రీహరికోటకు వచ్చిన పేరు దీనికి రాలేదు గానీ, ఫిజిక్స్ చదివేవాళ్లకు అంతకంటే ఎక్కువ పనికొచ్చే చోటు. పై గాలుల తీరు కొలిచే అక్కడి ఎంఎస్టీ రాడార్‌లో 1024 యాంటెన్నాలు పొలంలో నాట్లు వేసినట్టు వరసగా ఉంటాయి. పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే తరంగం పొడవు సుమారు 5.7 మీటర్లు. అందులో సగం, అంటే 2.8 మీటర్ల అంతరంతో గాలిలో వచ్చే వక్రీభవన గుణకపు హెచ్చుతగ్గుల నుంచి ప్రతిధ్వని బలంగా తిరిగి వస్తుంది. ఇది బ్రాగ్ నియమమే. స్ఫటికాల చాప్టర్‌లో ఎక్స్ కిరణాలకు చదివి, పరీక్షలో పది మార్కులకు రాసి మర్చిపోయే సూత్రమే కిలోమీటర్ల ఎత్తులో గాలి ఎటు వీస్తోందో చెబుతుంది.

అదే తిరుపతిలో 2015లో మొదలైన ఐఐటీ, సైన్స్ చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన ఐసర్ ఉన్నాయి. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం సెమినార్ విని రాత్రికి ఇల్లు చేరవచ్చు. అటు చెన్నైలో ఐఐటీ మద్రాస్, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్. తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ, అందులో 2.34 మీటర్ల టెలిస్కోపు. ఇదంతా ఒంగోలు, కావలి, నెల్లూరు పిల్లలకు, అంటే చెన్నై–విజయవాడ రైలు మార్గం పొడుగునా ఉన్నవాళ్లకు సులువు. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు నుంచి రావాలంటే ముందు రెండు మూడు గంటల బస్సు. అవకాశాల గురించి రాసేవాళ్లు ఈ తేడాను ఎందుకో లెక్కలోకి తీసుకోరు. పడమటి మండలాల కాలేజీల నుంచి ఏడాదికి ఒక్క బస్సు గాదంకికో ఐసర్‌కో కదిలినా, ఆ ఖర్చు ఎక్స్‌కర్షన్ ఖర్చు కంటే ఎక్కువ కాదు.

రీడింగులు రప్పించే చోట

ల్యాబు సంగతికొద్దాం. డిగ్రీ ఫిజిక్స్ ల్యాబుల్లో జరిగేది అందరికీ తెలిసిందే. న్యూటన్ వలయాలు కనిపించకపోతే, సోడియం దీపం వేడెక్కేలోపు పీరియడ్ అయిపోతే, పాత రికార్డు తెరిచి అందులోని రీడింగులకు అటూ ఇటూగా అంకెలు వేసి, చివరకు సోడియం వెలుగు తరంగం పొడవు 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు రప్పిస్తారు. "వాల్యూ వచ్చిందా?" అన్నదే ప్రశ్న, ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. ఒక బ్యాచ్‌లో ముప్ఫై మందికీ వాల్యూ సరిగ్గా వచ్చిందంటే ఆ ల్యాబులో ప్రయోగం జరగలేదన్నమాట.

దీనికి మందు ఖరీదైన పరికరం కాదు. పాత సీడీ ఒకటి, కీచైన్‌కు వేలాడే ఎర్ర లేజర్ లైటు ఒకటి చాలు. సీడీ మీద గాడుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. 650 నానోమీటర్ల లేజర్ దాని మీద నిలువుగా పడితే మొదటి ఆర్డర్ చుక్క 24 డిగ్రీల కోణంలో వస్తుంది. గోడ మీటరు దూరంలో ఉంటే మధ్య చుక్క నుంచి 44 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. సీడీ తీసి డీవీడీ పెడితే గాడులు 0.74 మైక్రోమీటర్లకు దగ్గరపడి, కోణం ఒక్కసారిగా 61 డిగ్రీలకు ఎగబాకుతుంది, చుక్క గోడ దాటి పక్క గోడెక్కుతుంది. పుస్తకంలోని సూత్రం చేతిలో కదలడమంటే ఇదే. లేజర్ ఎవరి కంట్లోనూ పడకుండా చూసుకోవాలి, అద్దాలూ స్టీలు గిన్నెలూ పక్కన లేకుండా.

జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీవాళ్లు తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంటే ఫోనే ల్యాబు. అందులో యాక్సిలరోమీటర్, మ్యాగ్నెటోమీటర్, మైకు, కాంతి సెన్సర్ల రీడింగులు నేరుగా గ్రాఫుగా వస్తాయి. ఫోన్ను సంచిలో పెట్టి ఉయ్యాల ఊపి డోలన కాలం కొలవచ్చు. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ముక్క ఒకటి సంపాదించి, అందులో బంగారు చుక్కల్లా మెరిసే బ్రాంజైట్ రేకులు ఏ కోణంలో వెలుగుతాయో, ఏ కోణంలో ఆరిపోతాయో నోట్ చేసుకున్నా అది ఆప్టిక్స్ ప్రాజెక్టే. ప్రపంచమంతా కొనుక్కుపోయే రాయిని ఆ ఊరి పిల్లలు ఇంతవరకు అలా ఎందుకు చూడరో అనిపిస్తుంది.

మన డిగ్రీలో మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. నిజం చెప్పాలంటే వీటిలో ఎక్కువ భాగం జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్‌తో పూర్తవుతున్నాయి. ఫిజిక్స్ పిల్లలకు ఇదే మంచి అవకాశం. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడ్ నీళ్ల బాధ తరాల నాటిది. పళ్ల మీద మచ్చలు, వంగిన కాళ్లు ఆ ఊళ్లలో కొత్త కాదు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని భారతీయ ప్రమాణం. ఆర్వో ప్లాంటు దగ్గరికి, నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంతో చూపే టీడీఎస్ మీటరు పట్టుకెళ్లి "120 చూపించింది, నీళ్లు బాగున్నాయి" అని రాసుకొచ్చే రిపోర్టులు కనిపిస్తుంటాయి. ఆ మీటరు కొలిచేది నీళ్ల విద్యుత్ వాహకతను. దాన్ని సుమారు 0.5 నుంచి 0.7 లోపు ఒక అంకెతో గుణించి టీడీఎస్ అని చూపిస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో, మామూలు ఉప్పు ఎంతో దానికి తెలియదు. ఫ్లోరైడ్ విడిగా కావాలంటే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ వాడాలి. అది నెర్న్‌స్ట్ సమీకరణం మీద నడుస్తుంది, గాఢత పదింతలైతే 25 డిగ్రీల దగ్గర వోల్టేజి 59 మిల్లీవోల్టులు మారుతుంది. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటును కలుపుకుని, పది బోర్ల నీళ్లు తెచ్చి, టీడీఎస్ ఒక వరసలో, ఫ్లోరైడ్ ఒక వరసలో రాసి, రెండింటికీ సంబంధం ఉందో లేదో చూపించే రిపోర్టు ఆ ఊరికీ పనికొస్తుంది, సమ్మర్ ఫెలోషిప్ దరఖాస్తులోనూ నిలబడుతుంది.

జామ్, మిగతా దారులు

జామ్ అంటే కోచింగ్ లేనిదే కుదరదన్న అభిప్రాయం బలంగా ఉంది. ఇంటర్ కోచింగ్‌కు రాష్ట్రమంతా పేరు మోసిన నెల్లూరులో డిగ్రీ ఫిజిక్స్‌కు మాత్రం ఎవరూ బోర్డు పెట్టరు. నిజానికి సిలబస్ చూస్తే మెకానిక్స్, తరంగాలు, ఆప్టిక్స్, విద్యుదయస్కాంతత్వం, థర్మోడైనమిక్స్, మోడర్న్ ఫిజిక్స్, సాలిడ్ స్టేట్, ఎలక్ట్రానిక్స్. ఇవన్నీ బీఎస్సీలో ఉన్నవే. తేడా ప్రశ్న అడిగే తీరులో ఉంది. మూడు గంటల్లో 60 ప్రశ్నలు, 100 మార్కులు. వాటిలో 20 ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, జవాబు అంకెను లెక్క కట్టి టైపు చేయాలి. సెమిస్టర్ పరీక్షలో "నిర్వచించి, ఉత్పాదించుము" అన్న ప్రశ్నకు అలవాటుపడ్డ చేతికి ఇది కొత్త. పాత జామ్ పేపర్లు ఉచితంగానే దొరుకుతాయి. సెకండియర్ నుంచి వారానికి పది లెక్కలు చేసినవాళ్లకు ఫైనలియర్‌లో కోచింగ్ అవసరం పెద్దగా ఉండదు. ఇదే జామ్ ర్యాంకుతో బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా పిలుపు రావచ్చు. సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ, మన రాష్ట్ర యూనివర్సిటీలకు పీజీసెట్ అనే ప్రవేశ పరీక్షలు వేరుగా ఉన్నాయి.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియమే. పదో తరగతి దాకా తెలుగులో చదివి వచ్చినవాళ్లు ఫస్టియర్‌లో పుస్తకం తెరిచి భయపడటం సహజం. తెలుగు అకాడమీ పాత ఫిజిక్స్ పుస్తకాలు లైబ్రరీ అడుగు అరలో ఇంకా ఉంటాయి. కోణీయ ద్రవ్యవేగం అంటే ఏమిటో తెలుగులో అర్థం చేసుకుని, పరీక్ష ఇంగ్లిష్‌లో రాయడంలో తప్పేమీ లేదు. తెలుగులో చదువుతున్నానని చెప్పుకోవడానికి పిల్లలు మొహమాటపడుతున్నారు గానీ, అర్థం కాకుండా ఇంగ్లిష్‌లో బట్టీ కొట్టేకంటే అది వెయ్యి రెట్లు నయం.

ఇంటి నుంచే నేర్చుకోవడానికి ఎన్‌పీటెల్ కోర్సులు ఉన్నాయి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా వినవచ్చు, సర్టిఫికెట్ కావాలంటే 1000 రూపాయలు కట్టి సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి. జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి మొదలవుతాయి. యూజీసీ నిబంధనల ప్రకారం, ఎన్‌పీటెల్ కూడా భాగమైన కేంద్ర ఆన్‌లైన్ వేదిక 'స్వయం' కోర్సుల క్రెడిట్లను డిగ్రీలో 40 శాతం దాకా కలుపుకునే వీలుంది. తమ యూనివర్సిటీలో, అంటే నెల్లూరువాళ్లు విక్రమ సింహపురిలో, ఒంగోలువాళ్లు ఆంధ్రకేసరిలో, అది ఎలా అమలవుతోందో ముందే ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ పెట్టే ఆన్‌లైన్ కోర్సులకైతే ఫీజే లేదు.

ఉద్యోగాల వైపు ఏటీసీ మాట పైన వచ్చింది. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులను స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ద్వారా నింపినప్పుడు ఫిజిక్స్ ఉన్న బీఎస్సీని, 60 శాతం మార్కులను అడిగారు. ఏటా నవంబరులో తుపాను ఎటు పోతుందా అని ఫోన్లు చూసుకునే తీరంలో పుట్టినవాళ్లకు ఇంతకంటే దగ్గరి పని ఏముంటుంది? ముత్తుకూరు మండలం నేలటూరు థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ యూనిట్లు నడుస్తున్నాయి. నీరూ ఆవిరీ వేరుగా కనిపించని ఆ పీడనం, ఉష్ణోగ్రత థర్మోడైనమిక్స్ చాప్టర్‌లోని క్రిటికల్ పాయింటుకు పైన ఉండే ప్రాంతమే. అక్కడి ఉద్యోగాలు ఇంజినీర్లవి. అయినా ఇంటర్న్‌షిప్ రోజుల్లో అనుమతి తీసుకుని ఒక రోజు చూసి రావడానికి ఇంజినీరై ఉండక్కర్లేదు.

ఉత్తరం, తాళంచెవి

సమ్మర్ ఫెలోషిప్‌కైనా, వేరే ప్రాజెక్టుకైనా ఒక లెక్చరర్ రాసిన రికమెండేషన్ లెటర్ అడుగుతారు. గడువు రోజున స్టాఫ్ రూమ్ తలుపు దగ్గర నిలబడి "మేడమ్, ఒక్క సంతకం" అంటే ఆమె ఏం రాస్తారు? "ఈ విద్యార్థి మంచివాడు, క్రమశిక్షణ గలవాడు." ఆ ఉత్తరం చదివేవాళ్లకు అలాంటివి వందల్లో వస్తాయి. "సీడీతో గ్రేటింగ్ ప్రయోగం తనంతట తానే చేశాడు, జవాబు నాలుగు శాతం తప్పు వస్తే ఎందుకో వెతికి, గోడ లేజర్‌కు లంబంగా లేదని కనిపెట్టాడు" అని రాయాలంటే ఆమె ఆ రోజు పక్కన ఉండి చూసి ఉండాలి. అంటే ఉత్తరం పని జనవరిలో కాదు, అంతకు ఏడాది ముందు ల్యాబులో మొదలవుతుంది. దరఖాస్తులో విద్యార్థి రాసుకునే నాలుగు వాక్యాలదీ ఇదే సంగతి. "నాకు ఫిజిక్స్ అంటే చాలా ఇష్టం" అని కాకుండా ఏం కొలిచాడో, ఎక్కడ ఆగిపోయాడో రాయాలి.

అలా జరగాలంటే ల్యాబు తెరిచి ఉండాలి. చాలా కాలేజీల్లో మంచి స్పెక్ట్రోమీటర్లు బీరువాలో భద్రంగా ఉంటాయి. తాళంచెవి అటెండర్ దగ్గర, భయం లెక్చరర్ దగ్గర. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న వస్తువు పగిలితే జీతంలోంచి కట్టాల్సి వస్తుందేమోనన్న భయం అది, దాన్ని తప్పుపట్టలేం. దానికో చిన్న ఏర్పాటు ఉంది. ఇద్దరు విద్యార్థుల పేరు మీద పరికరం రాసుకోవడం, వారానికి ఒక సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర దాకా ల్యాబు తెరవడం, తిరిగి ఇచ్చేటప్పుడు లెన్సు చూసి సంతకం పెట్టడం. ప్రిన్సిపాల్‌కు ఒక అర్జీ, కింద పదిమంది సంతకాలు. అర్జీలో ఫలానా పరికరం, ఫలానా రోజు, ఫలానా ప్రయోగం అని స్పష్టంగా రాస్తే కాదనడానికి ఆయనకూ పెద్దగా కారణం దొరకదు. బస్సు అందదని ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు అంటారు కాబట్టి ఆ సాయంత్రం ఏదో బస్ టైములు చూసి పెట్టుకోవాలి.